నలభై శాతం

లాయరమ్మ గదిలో కుర్చీలు మూడే. ఒకదాంట్లో ఫైళ్ళు, ఒకదాంట్లో తమ్ముడు, మూడోదాంట్లో మాస్టరమ్మ. కుడిచేతిని ఎడమచేతి కింద దాచుకుని కూర్చుంది. ఆ చెయ్యి గురించి మాట్లాడటానికే వచ్చి దాన్నే దాచుకోవడమేమిటో ఆవిడకే తెలియాలి. నాలుగు నెలలుగా అదో అలవాటైపోయింది.

మాస్టరమ్మ అంటే బళ్ళో పాఠాలు చెప్పే ఆవిడ కాదు. దర్జీ షాపులో కత్తెర పట్టే మనిషి, కటింగ్ మాస్టరు. మిషను తొక్కే ఆడవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు గానీ, ఖరీదైన కోటు గుడ్డ మీద కత్తెర పెట్టమంటే మగవాళ్ళే వెనకాముందాడతారు. ఈవిడ ఇరవై రెండేళ్ళుగా పెడుతోంది. ఒకసారి కోస్తే మళ్ళీ అతికించడానికి లేని పని అది. అందుకే షాపులో ఆవిడకు అందరికన్నా జీతం ఎక్కువ, మాట తక్కువ.

నాలుగు నెలల కిందట పొద్దున్నే స్కూటరు మీద షాపుకు పోతుంటే, మలుపులో రొట్టెల వ్యాను వచ్చి గుద్దింది. మణికట్టు విరిగింది, బొటనవేలి నరం తెగింది. వ్యాను అతను పారిపోలేదు. తనే ఎత్తుకుని ఆస్పత్రికి తీసుకుపోయాడు, స్టేషనులో తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. అన్నీ బాగానే చేశాడు గానీ, ఆ వ్యానుకు ఇన్సూరెన్సు మాత్రం కట్టలేదు.

"మూడు దారులున్నాయమ్మా," అంది లాయరమ్మ. "ఉన్నదున్నట్టు చెప్తాను. ముందే ఎందుకు చెప్పలేదని తర్వాత అనకూడదు. మొదటిది రాజీ. ఆయన తనకు చేతనైనంత ఇస్తాడు, మీరు సంతకం పెడతారు, అక్కడికి సరి. రేపు చెయ్యి పూర్తిగా పడిపోయినా ఇంకేం అడగడానికి ఉండదు. రెండోది కేసు. గెలుస్తాం, అందులో అనుమానం లేదు. కానీ మామూలుగా అయితే కట్టేది ఇన్సూరెన్సు కంపెనీ. ఇక్కడ కంపెనీ లేదు, ఆ మనిషే కట్టాలి. లేనివాడి దగ్గర కోర్టు మాత్రం ఏం పిండుతుంది?"

"మూడోది?" అన్నాడు తమ్ముడు.

"మూడోదే అసలైంది. ఇన్సూరెన్సు లేని బండి గుద్దితే, దెబ్బ తిన్నవాళ్ళకు ఇవ్వడానికి ప్రభుత్వం ఒక నిధి పెట్టింది. అందులోంచి వస్తే కొన్నేళ్ళు ఇల్లు గడుస్తుంది. కాకపోతే మెడికల్ బోర్డు వాళ్ళు చూసి, చెయ్యి శాశ్వతంగా నలభై శాతం పోయిందని రాయాలి. ముప్ఫైతొమ్మిది రాసినా చిల్లిగవ్వ రాదు. ఇంకోటి, రాజీకి సంతకం పెడితే ఈ దారి మూసుకుపోతుంది."

"మరి అక్క స్కూటరుకు ఇన్సూరెన్సు ఉంది కదండీ?"

"చూశాను. అది ఎదుటివాళ్ళకు తగిలితే ఇచ్చేది. నడిపేవాళ్ళకు తగిలితే ఇచ్చేది వేరే. ఇంకాస్త ఎక్కువ కట్టాలి. అది తీసుకోలేదు మీరు."

ఆ ఇన్సూరెన్సు కట్టించింది తమ్ముడే. అక్కకు నాలుగు డబ్బులు మిగిల్చానని అప్పట్లో చెప్పుకున్నాడు కూడా. ఇప్పుడు గోడ మీదున్న క్యాలెండరులో సెలవులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

మాస్టరమ్మ అడిగింది ఒక్కటే. "శాశ్వతంగా అంటే ఏంటండీ?"

"ఇంక మామూలు కాదని."

"అవుతుందండీ. నరం అతుక్కోవడానికి టైము పడుతుందని ఆపరేషను చేసినాయన చెప్పాడు."

లాయరమ్మ కళ్ళజోడు తీసి కాసేపు తుడుచుకుంది. "అవుతుందనే అనుకుందాం. కానీ బోర్డు దగ్గర ఆ మాట అనకండి," అంది.

మెట్లు దిగేసరికి కింద వ్యాను అతను నిలబడి ఉన్నాడు, చేతిలో రొట్టె పొట్లంతో. వారానికో రొట్టె ఇంటికి తెచ్చి ఇస్తూనే ఉన్నాడు. వద్దంటే గుమ్మంలో పెట్టి వెళ్ళిపోతాడు.

"అక్కగారూ, ఆ నిధి సంగతి నేనూ కనుక్కున్నాను. ముందు మీకు ఇచ్చి, తర్వాత మొత్తం నా దగ్గర వసూలు చేస్తారంట. వ్యాను పట్టుకుపోయి వేలం వేస్తారంట. అదే నేను అమ్ముకుంటే సగం మీ చేతిలో పెట్టి, మిగతా సగంతో తోపుడు బండో ఏదో చూసుకుంటాను. వాళ్ళు పట్టుకుపోతే నాకు రొట్టెల బుట్ట కూడా మిగలదు."

"ఇన్సూరెన్సు కట్టి ఉంటే ఈ గోలంతా ఉండేదా?" అన్నాడు తమ్ముడు.

"ఉండేది కాదన్నా. ఆ నెల టైర్లు అరిగిపోయాయి. బండి జారి ఎవరినన్నా గుద్దుతుందేమోనని ముందు అవి వేయించాను. ఇది వచ్చే నెల కడదామనుకున్నా."

మాస్టరమ్మకు నవ్వు వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. రెండూ మింగి రొట్టె తీసుకుంది.

*

తమ్ముడిది రిజిస్ట్రేషను ఆఫీసు ముందు బల్ల వేసుకుని కాగితాలు రాసిపెట్టే పని. కాగితం కుదిరితే లోకంలో కుదరనిది లేదని అతని నమ్మకం. ఆ సాయంత్రమే అక్క ఇంట్లో భోజనాల బల్ల మీద ఒక నాణెం, పెన్ను, గుండీల చొక్కా పేర్చి, తనే డాక్టరై కూర్చున్నాడు.

"నాణెం తీయమంటాడు. తియ్యి."

మాస్టరమ్మ బొటనవేలూ చూపుడువేలూ చాచి నాణేన్ని పట్టుకుంది. పట్టుకుందో లేదో వేళ్ళకు తెలియలేదు, కళ్ళతో చూసి తెలుసుకుంది. నెమ్మదిగా పైకి లేపింది.

"అదిగో, అదే వద్దనేది. సగం లేపి వదిలెయ్యి. మళ్ళీ లేపు, మళ్ళీ వదిలెయ్యి. మూడోసారికి నావల్ల కాదను."

"వస్తుంటే రాదనమంటావేంట్రా?"

"ఇది వస్తే ఏం లాభం? నీ చేత్తో కోటు కొయ్యగలవా? కొయ్యలేవు. మరి వాళ్ళేమైనా కోటు కోయించి చూస్తారా? నాణెం తీయించి చూస్తారు. వాళ్ళ పరీక్షే తప్పు. తప్పుడు పరీక్షకు తప్పుడు జవాబు చెప్తే అబద్ధం కాదు."

కొయ్యలేవు అన్న మాట ఆవిడకు ఎక్కడో చురుక్కుమంది. నాణెం బల్ల మీద పెట్టేసింది.

అదే గదిలో మంచం మీద అత్తగారున్నారు. కాళ్ళు లేవవు గానీ నోరు మాత్రం ఇల్లంతా తిరుగుతుంది. "నేనైతే నలభై కాదు, తొంభై రాయించుకొచ్చేదాన్ని. మీ అక్కాతమ్ముళ్ళకు మూలగడం కూడా చేతకాదు," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "చూడమ్మాయ్. చెయ్యి బాగుంటే పనుంటుంది. బాగులేకపోతే డబ్బొస్తుంది. ఏదో ఒకటి తేల్చుకో. అవ్వా కావాలి బువ్వా కావాలంటే కుదరదు," అన్నారు.

పెద్దావిడ ఒక్కముక్కలో తేల్చేశారు. మాస్టరమ్మకు కావలసింది మాత్రం చెయ్యే. పనికోసం కూడా కాదు, ఊరికే తన చెయ్యి తనకు కావాలి. ఆ మాట పైకి అంటే ఇల్లు గడవని చోట వేదాంతమేమిటని ఇద్దరూ కలిసి తిడతారు. అందుకని రొట్టె కోసి అత్తగారికి పాలలో ముంచి పెట్టింది. కత్తి ఎడమచేత్తోనే పట్టుకుంది.

*

షాపులో ఆవిడ బల్ల దగ్గర ఇప్పుడు మరో మనిషి ఉన్నాడు. రోజుకూలీ మీద తెచ్చిన కటింగ్ మాస్టరు. ఓనరు మొదటిరోజే "ఈయన తాత్కాలికం" అని పరిచయం చేశాడు, దాంతో అందరూ అతన్ని తాత్కాలికం అనే పిలుస్తున్నారు. మాస్టరమ్మ కొలతలు తీసి, పుస్తకంలో ఎడమచేత్తో వంకర అంకెలు రాసి, అతనికి అందిస్తోంది.

మంగళవారం పొద్దున అతను ప్యాంటు గుడ్డ కోస్తుంటే పక్కనే నిలబడింది. కత్తెర కింది రేకు బల్ల మీంచి లేవకూడదు, అతను లేపుతున్నాడు. కత్తెర మొన దాకా మూయకూడదు, మూస్తే గుడ్డ అంచులో పన్నులా గంటు పడుతుంది. అతను ప్రతిసారీ టపామని మూస్తున్నాడు. ఎడమ అరచేయి గుడ్డ మీద పరిచి ముందు నడిపించాలి, వెనక కత్తెర దాని అడుగుల్లో నడవాలి. అతని ఎడమచెయ్యి నడుం మీదుంది. చూడలేక మాస్టరమ్మ కాజాలు కుట్టే పిన్ని దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"కడుపు మండుతోందా?" అంది కాజాల పిన్ని, సూది ఆపకుండా.

"నాలుగు పొరలకి నాలుగు కొలతలు వస్తాయి పిన్నీ అలా కోస్తే."

"మరి పోయి నువ్వే కొయ్యి. కత్తెర సొరుగులోనే ఉందిగా."

ఉంది. పన్నెండంగుళాల కత్తెర, నూనెగుడ్డలో చుట్టి ఉంది. నాలుగు నెలలుగా ఆవిడ సొరుగు తెరవలేదు. ఎవరు అడిగినా వచ్చే నెల, వచ్చే నెల అంటోంది. రోజూ రబ్బరు బంతి నొక్కుతోంది, వేడినీళ్ళలో చెయ్యి ముంచుతోంది, కత్తెర మాత్రం ముట్టుకోలేదు. భయం. ముట్టుకోనంతకాలం చెయ్యి వచ్చే నెల బాగవుతుంది. ముట్టుకుంటే ఏ సంగతీ ఇవాళే తెలిసిపోతుంది.

ఓనరు కౌంటరు మీంచి పిలిచాడు. మంచివాడే. జీతంలో సగం ఆపాడు గానీ మొత్తం ఆపలేదు. "రేపు బోర్డుకు వెళ్తున్నారంట కదా మాస్టరమ్మా. ఆ కాగితం నాకూ ఒకటి చూపించండి. రెండు జీతాలు నేనెన్నాళ్ళు ఇవ్వను? మీరన్నా ఉండాలి, అతనన్నా ఉండాలి," అన్నాడు. మాటలో తప్పేమీ లేదు. మాస్టరమ్మ తలూపి కొలతల పుస్తకం అందుకుంది.

*

బోర్డు డాక్టరు పెద్దాయన. తెల్లకోటు భుజాలు కిందికి జారి ఉన్నాయి, ఎవరిదో కొలత మీద కుట్టిన కోటు. మాస్టరమ్మ గదిలోకి అడుగుపెట్టగానే చూసింది అదే. బల్ల మీద తమ్ముడు చెప్పిన సామానంతా ఉంది, నాణెంతో సహా.

తమ్ముడిని బయట ఉండమన్నారు. ఆవిడ తమ్ముడు నేర్పినట్టే చేసింది. నాణేన్ని సగం లేపి వదిలింది. రెండోసారి వదిలింది. మూడోసారి నావల్ల కావడం లేదండి అంది. చెంపలు వేడెక్కాయి. పెన్ను పట్టుకోమంటే పట్టుకుని జారవిడిచింది. డాక్టరు పాపం జాలిపడ్డాడు. "పర్లేదమ్మా, కష్టపెట్టుకోకండి," అని కాగితం దగ్గరికి లాక్కుని రాయబోయాడు.

రాయడానికి చెయ్యి చాచినప్పుడు ఆయన కోటు మణికట్టు దగ్గరి గుండీ కనిపించింది. ఒక్క దారప్పోగు మీద వేలాడుతోంది. కాగితానికి తగిలి ఊగుతోంది. ఇంకో రెండు అక్షరాలు రాస్తే ఊడి కింద పడేదే.

మాస్టరమ్మ చెయ్యి ముందుకు వెళ్ళింది. వెళ్ళమని ఆవిడ చెప్పలేదు. కుడిచేతి వేళ్ళతో గుండీ పట్టుకుని, వేలాడే పోగును దాని కాడ చుట్టూ మూడుసార్లు బిగించి చుట్టి, కొస లోపలికి దోపింది.

"సాయంత్రం దాకా ఆగుతుంది సార్. ఇంటికెళ్ళాక కుట్టించుకోండి," అంది.

డాక్టరు గుండీ వైపు చూశాడు. ఆవిడ వేళ్ళ వైపు చూశాడు. తర్వాత ఆవిడ మొహం వైపు చూసినప్పుడు ఆయన కళ్ళలో ఇందాకటి జాలి లేదు.

"ఏదమ్మా, ఆ నాణెం ఇంకోసారి తియ్యండి."

ఇంకేం చేస్తుంది. తీసింది. తీసి ఆయన చేతిలో పెట్టింది కూడా. ఆయన తిట్టినా బాగుండేది. ఇరవై నాలుగు శాతం అని రాసి, ముద్ర కొట్టి, కాగితం బల్ల మీద ఆవిడ వైపు నెట్టాడు.

వరండాలో తమ్ముడు ఆ అంకె చూసి నెత్తి పట్టుకున్నాడు. జరిగింది విన్నాక మళ్ళీ పట్టుకున్నాడు. "గుండీ ఊడితే ఆయన గుండీ ఊడుతుంది. మనదేం పోయింది? చేతులారా పోగొట్టుకున్నావు కదక్కా," అన్నాడు. బస్సులో అరగంటసేపు అదే మాట. ఆవిడ తలొంచుకుని వింది.

కానీ నిజం చెప్పుకోవాలి. సిగ్గు ఒక పక్క ఉంది, డబ్బు పోయిందన్న బెంగ ఒక పక్క ఉంది, వాటి కింద ఆవిడకు ఒళ్ళంతా సంతోషంగా ఉంది. చెయ్యి తనంతట తను కదిలింది. చూసుకోకుండా దారం చుట్టింది. బస్సు కిటికీ వైపు తిరిగి, తమ్ముడికి కనపడకుండా, రుమాలు అంచును వేళ్ళ మధ్య మళ్ళీ మళ్ళీ పట్టుకుని చూసుకుంటూనే ఉంది.

*

గురువారం ఓనరు ఆ కాగితం చదివి కళ్ళజోడు పైకి తోశాడు. "ఇరవై నాలుగే అంటే డెబ్బై ఆరు బాగున్నట్టే కదా. నేనింకా ఎంత ఉంటుందోనని హడలిపోయాను. సోమవారం నుంచి మీ బల్ల మీదే మాస్టరమ్మా. తాత్కాలికాన్ని శనివారంతో పంపించేస్తాను. కాలేజీవాళ్ళ కోట్లు ఎనభై వచ్చాయి, మీ చెయ్యి పడితేనే నాకు నిద్ర పడుతుంది."

"అలాగేనండి," అంది. ఇంకేమనగలదు? చెయ్యి బాగులేదంటే కాగితం వెక్కిరిస్తుంది, బాగుందంటే ఎనభై కోట్లు ఎదురుచూస్తున్నాయి. ఆ సాయంత్రం సొరుగు తెరిచి, నూనెగుడ్డతో సహా కత్తెర సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చింది. తెచ్చి అలమర మీద పెట్టింది. విప్పలేదు.

లాయరమ్మ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పని చేయించి చూడకుండా పనివాళ్ళ చేతికి శాతం ఎలా వేస్తారని రాసి ఇచ్చి, శనివారం పదకొండు గంటలకు రెండో పరీక్ష సంపాదించింది. ఈసారి ముగ్గురు డాక్టర్లు. మాస్టరమ్మ తన కత్తెరా తన గుడ్డా తెచ్చుకుని, వాళ్ళ ఎదురుగా కోసి చూపించాలి. కబురు తెచ్చిన తమ్ముడి మొహం వెలిగిపోతోంది.

"ఈసారి గుండీలు చూడకు తల్లీ. తల దించుకుని కొయ్యి. సగం దాకా బాగానే పోనిచ్చి, అక్కడ మణికట్టు కాస్త తిప్పు. గీత మీంచి జారుతుంది. జారినట్టు వాళ్ళకు కనపడితే చాలు."

"వంకరగా కొయ్యమంటున్నావా?"

"ఒక్కసారక్కా. నీ జన్మలో ఒక్కసారి."

"నిన్న నాణెం వదిలితేనే ఒళ్ళు మండిపోయిందిరా. కత్తెర దగ్గర కూడానా?"

"మరి సోమవారం నుంచి ఏం తింటాం? నేను నీకేం పెట్టగలను చెప్పు, నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళే రోజుకు నలుగురు," అన్నాడు తమ్ముడు. ఆ స్కూటరు ఇన్సూరెన్సు కాగితం అతని గుండెల్లో ముల్లులా ఉందని ఆవిడకు తెలుసు.

చీకటి పడకముందే వ్యాను అతను వచ్చాడు. ఈసారి రొట్టెతోపాటు రాజీ కాగితం కూడా తెచ్చాడు. వ్యాను కొనేవాడు దొరికాడట, ఆదివారం దాకా ఆగుతానన్నాడట. సగం సొమ్ము ఎంతో ఆ కాగితంలో ఖాళీ లేకుండా రాసి ఉంది.

"ఇరవై నాలుగే రాశారంట కదక్కగారూ. చెయ్యి బాగుపడుతోందన్నమాట. నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. పడుకుంటే మీ చెయ్యే కనపడేది," అన్నాడు.

అతని సంతోషంలో స్వార్థం లేదని కాదు, కావలసినంత ఉంది. అయినా ఈ రెండు రోజుల్లో, తన పని కోసం సంతోషించిన ఓనరును పక్కనపెడితే, చెయ్యి బాగున్నందుకు సంతోషించింది అతనొక్కడే. సొంత తమ్ముడు నెత్తి పట్టుకున్నాడు. మాస్టరమ్మకు ఆ క్షణాన సంతకం పెట్టేయాలనిపించింది. పెన్ను కూడా అందుకుంది. మంచం మీంచి అత్తగారు గట్టిగా దగ్గారు. వట్టి దగ్గు కాదది.

"శనివారం అవనీ బాబూ. ఏ సంగతీ నేనే చెప్తాను," అని కాగితం మడిచి అతని చేతికే ఇచ్చింది.

శుక్రవారం ఆవిడ తన డబ్బులు పెట్టి రెండు మీటర్ల కోటు గుడ్డ కొన్నది. మంచి గుడ్డ, బూడిదరంగుది. చవకది తీసుకోవచ్చు కదా, ఎలాగూ పాడైపోయేదేగా అన్నాడు తమ్ముడు. అప్పటికే ఆవిడ మనసులో తేల్చేసుకుంది. తిన్నగా కోస్తుంది. ఆ గుండీ పట్టిన వేళ్ళు కత్తెరను మాత్రం పట్టవా? డబ్బు పోతే పోయింది, సోమవారం బల్ల ఉంది, ఎనభై కోట్లున్నాయి. ముగ్గురు డాక్టర్ల ఎదురుగా ఒక్క గీత నూలుపోగు తేడా లేకుండా కోసి, మొన్న నాణెం దగ్గర ఆడిన అబద్ధం కడిగేసుకుంటుంది.

*

శనివారం గదిలో పెద్ద డాక్టరుతోపాటు ఇంకో మగ డాక్టరు, ఒక డాక్టరమ్మ ఉన్నారు. స్టీలు బల్ల చూపించి, దీని మీద కొయ్యండి అన్నారు.

"ఇది జారుతుంది సార్. చెక్కబల్ల అయితే మంచిది," అంది మాస్టరమ్మ.

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. ఫైళ్ళున్న చెక్కబల్ల ఖాళీ చేయించారు. ఆవిడ దాని మీద అరచెయ్యి ఆడించి, మేకుమొన ఏదైనా లేచి ఉందేమో చూసుకుంది. గుడ్డ పరిచింది. నేత నిలువు సరిచూసి, నాలుగు పొరలుగా మడిచి, అంచులు కలిపి, ముడతలు పైనుంచి కిందికి దువ్వింది. స్కేలు పెట్టి చాక్‌తో కోటు ముందుభాగం గీత గీసింది, చంక దగ్గర వంపుతో సహా. ఎడమచేత్తో గీసినా గీత బాగానే వచ్చింది. అప్పుడు నూనెగుడ్డ విప్పింది.

కత్తెర చేతిలోకి వచ్చింది. బరువు తెలిసింది. బొటనవేలు కన్నంలోకి దూరిందో లేదో చూసి సరిపెట్టుకుంది. కింది రేకు బల్లకు ఆనించి, ఎడమ అరచెయ్యి గుడ్డ మీద పరిచి, మొదటి కోత వేసింది.

తిన్నగా వచ్చింది. నాలుగు పొరలూ కర్‌ర్‌మని ఒక్క చప్పుడుతో విడిపోయాయి. రెండో కోత కూడా గీత మీదే పడింది. జానెడు దూరం కత్తెర తన పాత నడకే నడిచింది.

మూడో కోతలో బొటనవేలు వదిలేసింది. నొప్పి లేదు, ఏమీ లేదు, కేవలం అక్కడ బలం లేదు. పైరేకు పక్కకు ఒరిగింది, కింది రెండు పొరలు నలిగి జారాయి. ఆవిడ ఆగి, వెనక్కు వచ్చి, పొరలు సర్ది, మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ వదిలేసింది. నడిమివేలు కూడా కన్నంలోకి దూర్చి, మణికట్టు మొత్తం బిగించి నొక్కింది. మొన దాకా మూస్తే తప్ప తెగడం లేదు. అంచులో పన్నులు పడుతున్నాయి. కళ్ళలోకి చెమట దిగుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"చాలమ్మా," అంది డాక్టరమ్మ.

"ఒక్క నిమిషం అమ్మా. వంపు దాకా పోనివ్వండి."

వంపు దగ్గర కత్తెర తిరగాలి. బొటనవేలే తిప్పాలి. అది తిప్పలేదు. కత్తెర గీత దాటి వేలెడు లోపలికి పోయింది. కోటుకు గుండె దగ్గర ఉండాల్సిన గుడ్డ అది. అయినా ఆవిడ ఆపలేదు. గుడ్డ మధ్యలో కత్తెర ఆపడం ఆవిడకు తెలియదు, చివరి అంచు దాకా కోసి, కత్తెర బల్ల మీద పెట్టి, పొరలు ఒకటొకటిగా విప్పి చూసింది. నాలుగూ నాలుగు రకాలుగా ఉన్నాయి. డాక్టర్లు వంగి చూడకముందే ఆవిడ చూసేసింది.

డాక్టరమ్మ దగ్గరికి వచ్చి, బొటనవేలి కొస మీద గుండుసూదితో గుచ్చింది. "తెలుస్తోందా?"

"లేదమ్మా."

"ఇక్కడ?"

"లేదు."

"మొన్న నా గుండీకి దారం చక్కగా చుట్టారు కదా," అన్నాడు పెద్ద డాక్టరు. ఎత్తిపొడుపుగా అనలేదు, నిజంగానే అడిగాడు.

"దారానికి బలం అక్కర్లేదు సార్. కత్తెరకు కావాలి," అంది మాస్టరమ్మ. ఆ సంగతి ఆవిడకూ అప్పుడే తెలిసింది.

ముగ్గురూ కాసేపు గుసగుసలాడుకున్నారు. నలభై నాలుగు అని రాశారు. పెద్ద డాక్టరు ముద్ర కొట్టి, ఈసారి కాగితం నెట్టలేదు, లేచి చేతికి ఇచ్చాడు.

వరండాలో తమ్ముడు తలుపు అద్దానికి ముక్కు ఆనించి ఉన్నాడు. కాగితం లాక్కుని చదివి, అక్కడే బెంచీ మీద కూలబడి ఏడ్చేశాడు. ఏడుస్తూనే లాయరమ్మకు ఫోను చేశాడు. ఫోను పెట్టేసి అక్క రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మొత్తం చూశానక్కా అద్దంలోంచి. ఆ చెమటేంటి, ఆ వణుకేంటి. చెక్కబల్ల అడిగావు చూడు, అక్కడే వాళ్ళు పడిపోయారు. ముందు జానెడు బాగా కోసి, తర్వాత పాడుచేశావు. నేను చెప్పినదానికి పదింతలు చేశావు. నీకింత నటన ఉందని నాకే తెలియదు."

మాస్టరమ్మ కత్తెరను నూనెగుడ్డలో చుట్టుకుంటోంది. చుట్టి సంచీలో పెట్టుకుంది.

"నేను తిన్నగానే కోశాన్రా," అంది.

తమ్ముడు నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. చేతులు వదిలేయబోయి, మళ్ళీ కుడిచెయ్యి ఒక్కటీ పట్టుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడో ఆ బొటనవేలికి తెలియలేదు.

"సోమవారం రానని ఓనరుకు నువ్వు చెప్పు. నా నోటితో నేను చెప్పలేను," అంది మాస్టరమ్మ. "రాజీ కుదరదని ఆ వ్యాను అబ్బాయికి మాత్రం నేనే వెళ్ళి చెప్తాను."